ఎర్ర గుడ్డల బాట

ఈ గుట్ట పేరు నేను చెప్పను. ఏ ఊళ్లో బస్సు దిగాలో, ఏ వాగు దాటాలో కూడా చెప్పను. యాత్ర రాసేవాళ్లు దారి చెప్పకపోతే ఎట్లా అని మీరు విసుక్కుంటే నాకేం కోపం లేదు. దారి నలుగురికీ చెప్పాలన్న ఉబలాటంతోనే ఒకసారి పెద్ద తప్పు చేశాను. ఆ తప్పు వెంట మూడు రోజులు తిరిగి వచ్చాను. వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను. మీరు వెళ్లకుండా ఉంటారని కూడా రాస్తున్నాను.

మట్టెవాడ

నా పేరు సులోచన. మట్టెవాడలో జాకెట్లు కుడతాను. ఏళ్ల తరబడి మిషను ముందు వంగి కూర్చుంటే నడుము పట్టేసింది. దవాఖానలో డాక్టరమ్మ రోజూ నడవమంది. నడవడం మొదలుపెట్టాక ఆపబుద్ధి కాలేదు. మా ఆదివారం నడక క్లబ్బులో పదకొండు మందిమి. పొద్దు పొడవకముందే ఏదో ఒక గుట్ట ఎక్కుతాం, ఎండ ముదరకముందే దిగుతాం. నేను అక్కణ్నుంచి నేరుగా చర్చికి పోతాను. సగం పాటలయ్యాక మట్టి బూట్లతో లోపలికొచ్చే నన్ను చూసి మా పాస్టరమ్మ నిట్టూర్చే తీరు సంఘమంతటికీ అలవాటే.

పోయిన ఏడాది ఎండాకాలం ముందు ఈ గుట్ట మాకు కంటబడింది. ఎక్కడానికి దారి లేదు. కలే పొదలు, రేగు కంప, సీతాఫలం చెట్లు. మాకు అదే కావలసింది. నాలుగు ఆదివారాలు వరసగా పోయి పొదలు కత్తిరించి, రాళ్లు పక్కకు జరిపి, పైదాకా ఒక బాట చేశాం. కత్తెర పట్టడం నాకు ఒకరు నేర్పాలా? ముందు వరసలో నేనే. వెనకొచ్చేవాళ్లు దారి తప్పకుండా పొదలకు ఎర్ర గుడ్డ పేలికలు కట్టింది కూడా నేనే. ఒక పెళ్లివాళ్లు లైనింగు రంగు నచ్చలేదని వదిలేసిపోయిన గుడ్డ తాను నా దగ్గర ఉండిపోయింది. దానికి ఇంతకంటే మంచి గతి పట్టదనుకున్నాను. తర్వాత మా బాటను ఫోనులో మ్యాపుగా ఎక్కించాం, ఎవరైనా చూసి రావచ్చని. బావి తవ్వించినంత పుణ్యం చేశామని మురిసిపోయాం.

ఈ వానాకాలంలో పేపర్లో చిన్న ప్రకటన వచ్చింది. ఆ గుట్టను రాయి తీయడానికి ఇమ్మని ఎవరో అర్జీ పెట్టారు. మా క్లబ్బు సెక్రటరీ వేణుగోపాల్ సార్, సర్కారు నౌకరీ చేసి రిటైరైన మనిషి, ఎక్కడెక్కడో తిరిగి ఆ అర్జీ నకలు పట్టుకొచ్చి నా దుకాణంలో బల్ల మీద పరిచాడు. అందులో గుట్ట నక్ష ఉంది. నక్షలో కింది నుంచి పైకి ఒక గీత. గీత పక్కన, ఇదివరకే ఉన్న బాట అని రాసి ఉంది. ఆ గీత సగం దూరం పోయాక పెద్ద బండను చుట్టి వంపు తిరిగింది. జాకెట్టు చంక దగ్గర కోసే వంపు ఎట్లా ఉంటుందో అచ్చం అట్లా. పొదలు కోస్తున్నప్పుడు కూడా నేను అదే అనుకుని నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రాలేదు.

"సార్, ఇది మన బాటే గదా" అన్నాను.

వేణు సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మనదే అమ్మా. మనం ఫోన్ల పెట్టిందే వాళ్లు తీసుకున్నరు."

బాట ఇదివరకే ఉందంటే లారీలకు కొత్తగా దారి వేసే పని లేదు, చెట్లు కొట్టే పని లేదు, అనుమతి సులువు. సర్కారు పెద్ద సార్లు గుట్ట చూడటానికి వచ్చే రోజు కూడా ఖాయమైంది. ఆ రోజుకు రెండు రోజుల ముందే మేం బయల్దేరాం.

పరకాల

బయల్దేరింది మా క్లబ్బు ఒక్కటే కాదు. పరకాలలో పిట్టలు చూసేవాళ్ల క్లబ్బు ఒకటుంది, అందులో ఎక్కువమంది పంతుళ్లే. కేసముద్రంలో సైకిల్ క్లబ్బు ఉంది. మూడు క్లబ్బులకూ గుట్టలంటే ప్రాణం. ఒకరంటే ఒకరికి మాత్రం పడేది కాదు. పిట్టలవాళ్లు తాము చూసిన చోటు ఎవరికీ చెప్పరు. మేం చూసిన ప్రతి చోటూ ఊరంతా చెబుతాం. సైకిళ్లవాళ్లకు బాట ఎంత వెడల్పుంటే అంత సంతోషం. ఇన్నేళ్లలో మూడు క్లబ్బులవాళ్లం ఒక్క చాప మీద కూర్చున్నది పరకాలలో, సాంబయ్య సార్ ఇంట్లోనే మొదటిసారి.

సాంబయ్య సార్ పిట్టల క్లబ్బుకు పెద్ద దిక్కు. సన్నని మనిషి, మాట ఇంకా సన్నం, కాని కోసుకుపోతుంది. వాళ్లావిడ వేడి వేడి సర్వపిండి పెట్టింది. నువ్వులు, పల్లీలు దండిగా వేసి, అంచు కరకరలాడేలా కాల్చింది. అందరం తిని చేతులు కడుక్కున్నాక సార్ అన్నాడు.

"మీరు అడుగువెట్టినకాడల్ల ఫోటోలు మొలుస్తయని నేను ఎప్పుడో చెప్పిన. ఇప్పుడు మిషన్లు మొలుస్తానయి."

వేణు సార్‌కు కోపం వచ్చింది. "మీరు దాచిపెట్టి ఏం కాపాడిండ్రు సార్? ఆ గుట్టల ఏముందో ఎవ్వలకూ తెల్వకపాయె. అందుకే ఉత్త రాయే అని రాసిండ్రు."

ఇద్దరూ నిజమే చెప్పారు. అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న యాకూబ్ అన్న నోరు తెరిచాడు. ఈయన కేసముద్రం మార్కెట్ యార్డులో కాంటా వేస్తాడు. పత్తి, మిర్చి బస్తాలు తూచి తూచి మాట కూడా తూచే మనిషి. పొద్దున్నే రైల్లో వరంగల్ వచ్చి మాతోనే బస్సెక్కాడు. వెంట ముగ్గురు సైకిల్ క్లబ్బువాళ్లు ఉన్నారు గాని ఒక్క సైకిలూ లేదు.

"సైకిళ్లు తేలేదేందన్నా?" అని బస్సులోనే అడిగాను.

"బాట సూత్తె ఎక్కబుద్ధయితది చెల్లె. అందుకే ఇంట్ల పెట్టచ్చినం" అన్నాడు.

ఇప్పుడు ఆయన ఇద్దరు సార్లనూ చూసి నెమ్మదిగా అన్నాడు. "జర ఆగుండ్రి సార్. కయ్యం మల్ల పెట్టుకుందం. గుట్ట మల్ల దొరకది."

ఆ మాట తర్వాత ఎవరూ గొంతు పెంచలేదు. పనులు పంచుకున్నాం. పిట్టలవాళ్లు గుట్టలో ఏమేం బతుకుతున్నాయో రాయాలి. మేం ఊళ్లోవాళ్ల చేత ఆ గుట్ట వాళ్లకెందుకు కావాలో చెప్పించి రాయించాలి. సైకిళ్లవాళ్లు గుట్ట చుట్టూ నడిచి హద్దు చూడాలి.

గుట్ట కింద ఊరు

ఊరు చిన్నది. ఒక టీ హోటల్, రెండు కిరాణాలు, పంచాయతీ ఆఫీసు. ఎక్కడ చూసినా చేల గట్ల మీద తెంపిన సీతాఫలం గంపలు. మట్టెవాడలో బండి మీద పేర్చిన పండ్లు బేరమాడి కొనుక్కునే నాకు అన్ని పండ్లు ఒక్కచోట చూసి నోరూరింది. హోటల్లో టీ పది రూపాయలే, గ్లాసు మాత్రం మా దగ్గరి రెండు గ్లాసులంత ఉంది. చక్కెర కూడా అదే లెక్కన వేశాడు.

హోటల్లో పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. మేం సంచులు దించి కూర్చోగానే మాటలాగిపోయాయి. సాంబయ్య సార్ విషయం చెప్పాడు. క్వారీ ఆపాలని వచ్చాం, మీరు నాలుగు మాటలు చెప్పి సంతకాలు పెడితే పెద్ద సార్లకు ఇస్తాం అన్నాడు. ఒక పెద్దాయన బీడీ ఆర్పి లేచి వెళ్లిపోయాడు.

చివరికి గడప దగ్గర గంప పెట్టుకుని కూర్చున్న ఒక అవ్వ మాట్లాడింది. పేరు కొంరవ్వ అని తర్వాత తెలిసింది. డెబ్బై దాటి ఉంటాయి. చేతులు బాగా ముదురు, చూపు ఇంకా వాడి.

"ఎర్రగుడ్డలు కట్టిననాడే అయిపాయె. ఇప్పుడు సంతకాలెందుకు?"

ఏ గుడ్డలో నాకు తెలుసు. అయినా తెలియనట్టే అడిగాను. "ఏ ఎర్రగుడ్డలవ్వా?"

"గుట్టకు కట్టిండ్రు గద బిడ్డా, పోయినేడు. కింది నుంచి మీదిదాక. మా తమ్ముని చెల్క భూమి కాలువల పోయిననాడు సూసిన నేను. ముందుగాల్ల ఎర్రగుడ్డ కడుతరు. ఎనుక మిషినస్తది."

హోటలాయన గ్లాసులు కడుగుతూ అందుకున్నాడు. "మీకు తెల్వది గని, ఆ గుడ్డలు సూసి ఈ అవ్వ మేకలన్ని అమ్ముకున్నది. నాలుగు మిగిలినయి."

"మేపే జాగ పోయినంక మేకలెందుకని అమ్మిన" అంది కొంరవ్వ.

అప్పటికి క్వారీ అర్జీ లేనేలేదు. ఆ మాట మా అందరికీ తెలుసు. ఆమెను భయపెట్టింది ఏ కంపెనీ కాదు, నేను. రంగు నచ్చలేదని ఎవరో నా దగ్గర వదిలేసిన లైనింగు గుడ్డ. అప్పుడే చెప్పాల్సింది. పదిమంది ముందు చెప్పడానికి భయపడి తల వంచుకుని గ్లాసు చూస్తూ కూర్చున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ పూట ఊళ్లోని చిన్న చర్చి వరండాలో మాకు బస ఇచ్చారు. పక్కింటామె మక్క గటక, పచ్చిపులుసు పంపింది. అందరూ బాగుందన్నారు. నేను రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టాను.

మొదటి గంప

మర్నాడు పొద్దున కొంరవ్వే ముందు నడిచింది. సంతకాలు పెట్టకపోయినా, ఆడవాళ్లు ఆ రోజు ఈ ఏడు మొదటిసారి గుట్ట మీది సీతాఫలాలకు పోతున్నారని, కావాలంటే వెంట రమ్మని అంది. మా బాట మొదలు దగ్గరికి రాగానే ఆమె పక్కకు తిరిగి పొదల సందుల్లోంచి, మేకలు పోయే సన్నని జాడ పట్టింది. మా బాటలో అడుగు పెట్టలేదు. ఆమె వెనక వచ్చిన ఆడవాళ్లూ పెట్టలేదు. ఏడాదిన్నరగా వాళ్లు దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి పోతున్నారు. మేం పుణ్యమనుకుని వేసిన దారి వాళ్లకు అట్లా ఉంది.

కొంచెం పైకి పోయాక యాకూబ్ అన్న ఒక తీగ పట్టుకుని ఎక్కబోయాడు. అది దూలగొండి. క్షణంలో చేతులు, మెడ గోక్కోవడం మొదలుపెట్టాడు. "మిర్చి యార్డుల ఇరువై ఏండ్లు పనిజేసిన. గింత మంట ఎన్నడు లేకుండె" అంటూ ఎగిరాడు. కొంరవ్వ వెతికి ఇంత పశువుల పెండ తెచ్చి ఆయన చేతులకు పూసి, ఎండాక రాల్చమంది. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అప్పటిదాకా మాతో ముక్కూ మొహం తెలియనట్టున్నవాళ్లు ఆ నవ్వు తర్వాత పేర్లడిగారు.

తొక్క మీది కళ్లు విచ్చుకున్న కాయలనే తెంపాలి, మిగతావి ముట్టొద్దు. ఇది వాళ్ల కట్టుబాటు. ఇంకొకటి కూడా ఉంది. మొదటి రోజు మొదటి గంప ఇంటికి పోదు. దాన్ని పైన ఒక చదును బండ మీద ఒలకబోసి, కాయలు విప్పి పెట్టి వస్తారు. అది పిట్టలకూ ఉడతలకూ కోతులకూ. మా చర్చిలో కోత పండుగ నాడు మొదటి పంట తెచ్చి బల్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక దాన్ని వేలం పాడి మళ్లీ మేమే కొనుక్కుంటాం. ఇక్కడ పెట్టింది పెట్టినట్టే వదిలి, వెనక్కి చూడకుండా దిగుతారు. నాకు ఇదే బాగుందనిపించింది. మా పాస్టరమ్మ చదివితే ఏమంటుందో చూడాలి.

గంప ఒలకబోసి ఆడవాళ్లు దిగిపోయారు. కొంరవ్వ ఊపిరి కోసం బండ మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఇక ఆగలేకపోయాను.

"అవ్వా, ఆ గుడ్డలు కట్టింది నేనే."

ఆమె నా వైపు చూసింది.

"క్వారీ కోసం గాదు. దారి గుర్తుకు కట్టిన. మీరు భయపడుతరని నాకు తోచలే. నీ మేకలు నా వల్లనే పోయినయి."

తిడితే బాగుండునని నేను ఎదురుచూశాను. పక్కనే పొదకు ఒక పేలిక వేలాడుతోంది, ఎండకు వెలిసి గులాబీ రంగుకు దిగింది. దాన్ని ఆమె వేళ్లతో పట్టుకుని నలిపి చూసింది.

"జాకిట్ గుడ్డ" అంది. "గింత మంచి గుడ్డ ముండ్లకు కడుతరా?"

"మేకలు మల్ల కొనిస్తనవ్వా."

"కొనియ్యచ్చు బిడ్డా. నా పిలుపుకచ్చే మేకను ఏడికెల్లి తెస్తవు?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు. ఓదార్చాల్సిన పని ఆమెకు లేదు కూడా. కాసేపయ్యాక గంప తలకెత్తుకుంటూ మాత్రం, "రేపచ్చే సార్లకు ఈ ముచ్చట చెప్తవా?" అని అడిగింది.

చెప్తానన్నాను.

బండ నీడన

మధ్యాహ్నం ఆ పెద్ద బండ నీడలో మూడు క్లబ్బులూ కలిశాయి. ముందుగా సాంబయ్య సార్ మా ఫోన్లన్నీ అడిగి యాకూబ్ అన్న సంచిలో వేయించాడు. తర్వాత మమ్మల్ని పాకినట్టుగా ఒక అంచు దాకా తీసుకుపోయి, ఎదురుగా రాతి చీలికలోకి వేలు చూపించాడు. మొదట రాయే అనుకున్నాను. రాయికి రెండు నారింజ రంగు కళ్లు తెరుచుకున్నాయి. తల మీద కొమ్ముల్లాంటి ఈకలు. గుడ్లగూబ. పక్కన ఇంకోటి, దాని జోడు.

"తొమ్మిదేండ్ల సంది ఎవ్వలకు చూపియ్యలే" అన్నాడు సార్. "మా ఇంటామెకు గూడ."

నేను కట్టిన పేలిక ఒకటి ఆ చీలికకు ఇరవై అడుగుల దూరంలో ఊగుతోంది. పోయిన ఏడాది మేం అక్కడే కూర్చుని ఇడ్లీలు తిని, పాటలు పాడి, ఫోటోలు దిగాం. అప్పుడు అది ఎటు పోయి కూర్చుందో.

సాంబయ్య సార్ పేలిక విప్పబోతే యాకూబ్ అన్న ఆపాడు. "వద్దు సార్. సార్లు సూడనియ్యి. కాంటా ముంగట తూకం రాయి దాయొద్దు."

అక్కడ మొదలైంది అసలు గొడవ. బాట వేసింది నేనేనని రేపు సార్లకు చెప్పబోతున్నానని అందరితో అన్నాను. వేణు సార్ ఒప్పుకోలేదు.

"సులోచనమ్మా, సర్కారు భూమిల పర్మిషన్ లేకుంట పొదలు కొట్టినం. నోటి తోటి ఒప్పుకుంటె కేసయితది. నువ్వు దుకాణం నడుపుకోవాలె. నేను పెన్షన్ మీద బతకాలె."

"మరేం చెప్దమంటరు సార్?"

"మేకల బాట అని చెప్దం. మేకలు తొక్కి తొక్కి అయిందంటె ఎవ్వలకు నష్టం లేదు గద."

"బాట ముందటి నుంచే ఉన్నదని మనమే ఒప్పుకున్నట్టయితది. వాళ్లు రాసింది గూడ అదే గదా" అన్నాను. "మేకలు పోగొట్టుకున్నది ఆమె. మల్ల పాపం గూడ ఆమె మేకల మీదనే ఎయ్యాల్నా?"

వేణు సార్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. జీవితమంతా ఫైళ్ల మధ్య బతికినవాడు. నోటీసు అన్న మాట ఒకసారి కాగితం మీద పడితే ఎంతకాలం వెంటాడుతుందో ఆయనకు తెలిసినంతగా నాకు తెలియదు. మూడు క్లబ్బులవాళ్లం ఏదీ తేల్చుకోకుండానే దిగాం. దిగేటప్పుడు కొంరవ్వలాగే అందరం మా బాట వదిలి పక్కనుంచి దిగాం. చెప్పుకోకుండానే అట్లా జరిగింది.

సార్లు వచ్చిన రోజు

మూడో రోజు పది గంటలకు రెండు జీపులు వచ్చాయి. ఆఫీసరు చిన్న వయసు ఆవిడ. నా చెల్లెలి కూతురంత ఉంటుంది. ఎండకు తలకు చున్నీ చుట్టుకుని, నక్ష చేత్తో పట్టుకుని చకచకా నడుస్తోంది. అర్జీ పెట్టినవాళ్ల మనిషి ఒకతను పక్కనే ఉన్నాడు. బాట మొదలు దగ్గర ఆగి చెయ్యి చూపించాడు.

"మేడమ్, దారి ఉన్నది. మార్కింగ్ గూడ ఉన్నది. మేం కొత్తగ కొట్టేది ఏం లేదు."

నేను ముందుకు పోయాను.

"మేడమ్, అది దారి కాదు. పొదలు కత్తిరించింది నేను. గుడ్డలు కట్టింది గూడ నేనే. పోయినేడు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎవరి పర్మిషన్‌తో?"

"ఎవ్వల పర్మిషన్ లేదు."

"ఇది రాసుకుంటే మీ మీద చర్య ఉండొచ్చు. రాయమంటారా?"

"రాయండి మేడమ్."

ఆ మనిషి నవ్వాడు. "ఇవన్ని కథలు మేడమ్. బాట ఎప్పటినుంచో ఉన్నది. ఈమెనే ఏసిందనేదానికి సాక్ష్యమేంది?"

నా సంచిలో మిగిలిన లైనింగు ముక్క ఉంది, నా కత్తెర ఉంది. అంచు పోగులు ఊడకుండా పళ్లు పళ్లుగా కోసే కత్తెర, కుట్టేవాళ్ల దగ్గరే ఉంటుంది. పొదకున్న పేలిక ఒకటి విప్పి ఆమె చేతిలో పెట్టాను. సంచిలోని ముక్కను ఆమె కళ్ల ముందే కత్తిరించి పక్కన పెట్టాను. రెండు అంచులకూ అవే పళ్లు. కొత్తది ఎర్రగా ఉంది, పాతది వెలిసింది, అంతే తేడా. ఆఫీసరమ్మ రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది.

అప్పుడు వెనక నుంచి వేణు సార్ వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా ఫోను తీసి ఆమెకిచ్చాడు. "మేడమ్, ఇందుల ఫోటోలున్నయి. మేం మొదలువెట్టకముందు తీసినవి, అయినంక తీసినవి. తారీకులతోని ఉన్నయి. క్లబ్బు సెక్రటరీని నేను. నా పేరు ముందు రాయండి, ఈమె పేరు ఎనుక రాయండి."

తర్వాత సాంబయ్య సార్ పిట్టల గురించి రాసిన కాగితాలిచ్చాడు. గుడ్లగూబల చోటు మాత్రం కాగితం మీద పెట్టలేదు. ఆఫీసరమ్మను ఒక్కదాన్నే పక్కకు తీసుకుపోయి చూపించాడు. కొంరవ్వ వేలిముద్ర వేసింది. ఆమె వేశాక హోటల్లో బీడీ ఆర్పి వెళ్లిపోయిన పెద్దాయన వచ్చి సంతకం పెట్టాడు. తర్వాత ఊరివాళ్లు వరస కట్టారు.

ఆఫీసరమ్మ వెళ్లేముందు చెప్పింది. బాట సర్కారు రికార్డులో లేదని రాస్తానని, మిగతాది పైవాళ్ల చేతిలో ఉందని. వేసినవాళ్లే దాన్ని మూసెయ్యాలని, తేలేదాకా ఏ క్లబ్బువాళ్లూ గుట్ట ఎక్కకూడదని. ఆ తర్వాత కూడా ఎక్కబోమని మూడు క్లబ్బుల తరఫునా సాంబయ్య సారే ఒక కాగితం రాశాడు. అందరం సంతకాలు పెట్టాం. ఆ గుట్ట మీద పొద్దు పొడవడం నేను ఇంక చూడను. అది నాకు చిన్న విషయం కాదు.

ఇది రాస్తున్న రోజుకు క్వారీ సంగతి తేలలేదు. నోటీసు మాత్రం వచ్చింది, నాకూ వేణు సార్‌కూ. మ్యాపు ఫోనులోంచి తీసేశాం గాని, అప్పటికి ఎవరెవరి ఫోన్లలోకి చేరిందో ఎవరికెరుక. క్వారీకి అనుమతి రాదన్న నమ్మకం నాకు లేదు. వచ్చినా, మా బాట చూపించి మాత్రం రాదు.

దిగుడు

బాట మూసే పద్ధతి కొంరవ్వ నేర్పింది. కింది నుంచి మూస్తూ పోకూడదు, మనం పైనే చిక్కుకుంటాం. పైనుంచి మొదలుపెట్టాలి. రేగు కంప మొదలు పైకీ ముండ్లు కిందికీ ఉండేలా అడ్డం పడేసి, మీద రాయి పెట్టి, వెనక్కి వెనక్కి దిగాలి. రెండు వానలు పడితే గడ్డి లేచి, పొద కలిసిపోయి, ఎక్కడుందో మనకే తెలియదంది. మేకల దొడ్డికి కంప కట్టిన చేతులు ఆమెవి.

సార్లు వెళ్లాక ఆ రోజు సాయంత్రం దాకా అదే పని. సైకిళ్లవాళ్లు కంప మోశారు, పిట్టలవాళ్లు రాళ్లు పెట్టారు, మేం పేలికలు విప్పుకుంటూ దిగాం. నాలుగు ఆదివారాలు చేసిన బాట ఒక్క పూటలో పోయింది. పెద్ద బండ వంపు దగ్గర ఒకసారి తలెత్తి చూశాను. పైన అప్పటికే దారి కనిపించలేదు. బాధగానే ఉంది, కాని తప్పు దిద్దుకుంటున్నానన్న నెమ్మది కూడా ఉంది. ముండ్లు గీరి చేతులు నెత్తురయ్యాయి. వారం రోజులు సూది సరిగ్గా పట్టలేకపోయాను.

ఆఖరి కంప కింద, బాట మొదట్లో పడాలి. దాన్ని కొంరవ్వ మా చేత వేయించలేదు. తనే ఈడ్చుకొచ్చి, అడ్డంగా పెట్టి, కాలితో అదిమింది. తర్వాత నడుము మీద చెయ్యి పెట్టుకుని మమ్మల్ని చూసింది.

"మల్ల ఎప్పుడస్తరు?" అని అడిగింది.

"ఇంక రామవ్వా" అన్నాను. "గుట్టకు రామని రాసిచ్చినం గద."

"గుట్టకు రాకుండ్రి" అంది. "ఇంటికి రాండ్రి. అన్నం తినిపోండ్రి."